విద్యుత్తును ఆపు విద్య

హైదరాబాదు నగరమునకు పడమటి వైపున మాధాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతములు ఒక తరము క్రిందట రాతిగుట్టలును, సీతాఫలపు పొదలును, నడుమ నడుమ చెరువులును గల బయళ్లు. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాధాపూర్‌లో సైబర్ టవర్స్ అను పది అంతస్తుల భవనమును ప్రారంభించిరి. అది మొదలు ఆ గుట్టల నడుమ అద్దపు మేడలు ఒకదాని వెనుక ఒకటి లేచినవి. హైటెక్ సిటీ, సైబరాబాదు అను పేర్లు దేశదేశములకు తెలిసినవి. దూరపు ఊళ్ల నుండి వచ్చు విద్యార్థులు ఆ మేడల ముందు నిలిచి తలయెత్తి చూతురు. తల వంచి చూడదగినది కూడ వాటి క్రింద ఒకటి కలదు.

ప్రతి భవనపు నేలమాళిగలోనో, వెనుకటి ప్రహరీ ప్రక్కనో ఒక గది యుండును. తలుపు మీద కపాలమును, అడ్డముగా రెండు ఎముకలును చిత్రించిన రేకు. దానిపై ‘ప్రమాదము’ అను మాట, ఎన్ని వోల్టులో తెలుపు అంకె. ఈ రేకు మీద స్థానిక భాష ఉండి తీరవలెనని 1956 నాటి భారత విద్యుత్ నియమములే విధించినవి. లోపల బీరువాల వలె వరుసగా నిలిచిన ఉక్కు పెట్టెలు. ఆ వరుసకు స్విచ్‌గేర్ అని పేరు. ఒక్కొక్క పెట్టెను ప్యానెలు అందురు. ఇంటికి వచ్చు 230 వోల్టుల కరెంటు ఇంతటి భవనములకు చాలదు. తెలంగాణలో 1,500 కె.వి.ఏ. వరకు ఒప్పందము చేసికొన్న వినియోగదారునకు 11 కిలోవోల్టులతోను, అంతకు మించి 5,000 కె.వి.ఏ. వరకు 33 కిలోవోల్టులతోను, ఆ పైన 132 కిలోవోల్టులతోనో ఇంకను హెచ్చుగానో సరఫరా చేయు పద్ధతి కలదు. ఆ పెట్టెలలో ఒక్కొక్క దానియందు చక్రముల ట్రాలీ మీద నిలిచియుండు యంత్రమే సర్క్యూట్ బ్రేకరు.

ఇంటిలో ఫ్యూజు చేయు పనినే ఇది పెద్ద ఎత్తున చేయును. ఫ్యూజు ఒక్కసారి కరిగి తన ప్రాణమిచ్చి ఇంటిని కాపాడును. బ్రేకరు వేలసార్లు తెరచుకొనును, వేలసార్లు మూసికొనును. కరెంటు తెచ్చిన వారిని లోకము కొనియాడును. దానిని ఆపు పని ఎంత కష్టమో, ఆపితినని నమ్ముట అంతకన్న ఎంత ప్రమాదమో తెలిసిన వారు ఈ గదులలో పనిచేయు కొలది మంది మాత్రమే.

ఆపుటలో కష్టమేమున్నది, స్విచ్చు తీసిన చాలదా అని విద్యార్థి అడుగవచ్చును. హైటెక్ సిటీ ప్రక్కనే యున్న దుర్గం చెరువు గట్టు మీద నిలిచి ఆలోచించినచో సమాధానము కొంత దొరకును. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు మంచినీరిచ్చిన చెరువది. తూము మూసినచో చెరువులో నీరు నిలిచిపోవును. మూసిన తూము మీదుగా గాలిలోనికి దుముకదు. విద్యుత్తు దుమికెదనని మొండికెత్తును. రెండు లోహపు కొనలను విడదీయగానే వాటి నడుమనున్న గాలి కాగి, అణువులు చీలి, ఆ గాలియే తీగగా మారిపోవును. ఆ మంటతీగకు ఆర్క్ అని పేరు. రాత్రివేళ దీపములార్పి పంకా స్విచ్చును తీసినచో సందులో క్షణకాలము నీలపు మెరుపు కనిపించును. తరగతిలో దీనిని గూర్చి చెప్పదలచిన ఉపాధ్యాయునకు అంతకన్న సులభమైన నిదర్శనము లేదు. ఆ మెరుపును 11,000 వోల్టులకు పెంచి ఊహించుకొన్నచో బ్రేకరు చేయవలసిన పని ఎట్టిదో తెలియును.

అదృష్టవశమున మనకు వచ్చునది ఏకముఖ ప్రవాహము కాదు. సెకనుకు 50 ఆవృత్తులు గల మన విద్యుత్తు సెకనుకు నూరుసార్లు సున్నకు దిగి మరల లేచును. బ్రేకరు చేయు యుక్తి అంతయు ఆ సున్న క్షణమును కాచుకొనుటలోనే యున్నది. ఆ క్షణమున ఆర్క్ తనంతట తాను ఆరును. ఆరిన చోట మరల రాజుకొనకుండ చూచుటయే బ్రేకరు పని. దీనికై ఒక కాలమున కొనలను నూనెలో ముంచిరి. కొన్నిచోట్ల బిగించిన గాలిని ఊదిరి. తరువాత సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అను బరువైన వాయువు వచ్చినది. ఆర్క్‌ను మ్రింగుటలో దానికి సాటి లేదుగాని, వాతావరణములో కలిసినచో అదే పరిమాణపు బొగ్గుపులుసు వాయువుకన్న 20,000 రెట్లకు పైగా భూమిని వేడిచేయును. అందుచే నేడు దానిని తగ్గించవలెనని పలు దేశములు యోచించుచున్నవి. 11 కిలోవోల్టుల ప్యానెళ్లలో నేడు అంతటను కనిపించునది శూన్యపు బ్రేకరు. గాలియే లేనిచోట కాగుటకు గాలి ఎక్కడిది? 1926లోనే కాలిఫోర్నియా సాంకేతిక విద్యాలయమున సోరెన్సన్, మెండెన్‌హాల్ అను వారు ఈ మార్గమును ప్రయోగపూర్వకముగా చూపిరి. వాడుకలోనికి వచ్చుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టినది. పింగాణీ బుడ్డిలో, శూన్యము నడుమ, రెండు కొనలు సుమారు ఒక సెంటీమీటరు ఎడమైనచో చాలును, 11,000 వోల్టుల ప్రవాహము తెగిపోవును.

ఈ యంత్రములు ఆ పడమటి శివారునకు క్రొత్తవి కావు. హైటెక్ సిటీకి కొలది మైళ్ల దూరమున రామచంద్రాపురములో చెకొస్లొవేకియా సహకారముతో 1960ల మధ్యకాలమున ఉత్పత్తి ఆరంభించిన భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము టర్బైనులతో పాటు స్విచ్‌గేర్‌ను కూడ తయారు చేయుచు వచ్చినది. సాఫ్ట్‌వేర్ అను మాట ఈ దిక్కున వినబడక మునుపే బ్రేకరు అను మాట వినబడినదన్నమాట.

బ్రేకరునకు రెండు పనులు. మామూలు ప్రవాహమును వలసినపుడు తెరచి మూయుట మొదటిది. రెండవది ఆపత్కాలపు పని. ఎక్కడనో కేబులు చెడి, లోపము ఏర్పడినపుడు వందల ఆంపియర్లు నడచు దారిలో వేలకొలది ఆంపియర్లు పరుగిడును. 25,000 ఆంపియర్లను తెంపగల బ్రేకరులు ఈ గదులలో సామాన్యమే. రిలే అను కావలివాడు లోపమును కనిపెట్టి ఆజ్ఞ ఇచ్చినది మొదలు సెకనులో పదవవంతు గడవక మునుపే బ్రేకరు తెరచుకొనవలెను. ఇంత వేగమునకు కావలసిన బలమును లోపల బిగించి యుంచిన స్ప్రింగులు సమకూర్చును. ఈ స్ప్రింగుల సంగతి పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురుగాక, మరల అవసరమగును.

అసలు ప్రమాదము ఇక్కడ ఆరంభమగును. బ్రేకరు తెరచితిమి, ముందువైపు గుర్తు ‘ఆఫ్’ అని చూపినది, పచ్చదీపము వెలిగినది. ఇంతటితో ఆ దారి చచ్చినదని అనుకొనవచ్చునా? తాడును చూచి పామని భ్రమించుట మన వేదాంతులు తరచుగా చెప్పు దృష్టాంతము. ఇచ్చటి భ్రమ తలక్రిందులైనది. పామును చూచి తాడని చేయి చాచుట. గుర్తును త్రిప్పునది ఒక సన్నని ఇనుప కడ్డీ. లోపల మూడు కొనలలో ఒకటి కరిగి అతుకుకొనిపోయినను గుర్తు తిరుగవచ్చును. పచ్చదీపము తెలుపునది మీట ఎక్కడ నిలిచినదో మాత్రమే, తీగలో ఏమున్నదో కాదు. అంతేకాదు, తెరచిన శూన్యపు బుడ్డిలోని సెంటీమీటరు ఎడము యంత్రమునకు చాలునేమోగాని మనుష్యుని ప్రాణమునకు పూచీ కాదు. కంటికి కనిపించు ఎడము కావలెను.

అందుకే బ్రేకరును ట్రాలీ మీద అమర్చి, హ్యాండిలు త్రిప్పుచు వెనుకకు లాగుటకు వీలు కల్పించిరి. దీనికి మూడు స్థానములు. పనిచేయు స్థానమున బ్రేకరు చేతులు వెనుకనున్న ప్రధాన కడ్డీలతో కలిసియుండును. కొంత వెనుకకు లాగినచో పరీక్షా స్థానము. చేతులు విడిపోయినను, ఆజ్ఞలు తెచ్చు సన్నని తీగలు కలిసియుండుటచే బ్రేకరును ఉత్తగా తెరచి మూసి చూడవచ్చును. ఇంకను లాగినచో వేర్పడిన స్థానము. ట్రాలీ వెనుకకు రాగానే ఆ కడ్డీల నోళ్లను ఇనుప రెక్కలు జారి మూసివేయును. ఆ రెక్కల వెనుక, బ్రేకరును పూర్తిగా బయటికి తీసిన తరువాత కూడ, ప్రధాన కడ్డీలలో 11,000 వోల్టులు నిలిచియే యుండునని తెలియక రెక్కను ఎత్తి చూడబోయిన వాడు తిరిగి రాడు. బ్రేకరును తీసివేయుటచే ఒక దారి మాత్రమే చచ్చును, ఇల్లు చావదు. అందుచే రెక్కలకు తాళము వేయవలెను.

ఈ లాగుట, నెట్టుట అను రెండును ఈ గదులలోని పనులన్నింటిలో అపాయకరమైనవి. బ్రేకరు మూసియున్నపుడు ట్రాలీని లాగినచో ఆర్క్‌ను ఆర్పవలసిన శూన్యపు బుడ్డిలో గాక, బయటి గాలిలో, పనివాని ముఖమునకు ఎదురుగా కొనలు విడిపోవును. అట్లు జరుగకుండ తయారీదారులు కొన్ని అడ్డుకట్టలు పెట్టుదురు: మూసియున్న బ్రేకరు ట్రాలీ కదలదు, నేలతో కలుపు స్విచ్చు వేసియున్నపుడు లోపలికి పోదు. కాని యంత్రము పాతబడును, పిన్ను వంగును, కదలని హ్యాండిలును బలవంతముగా త్రిప్పు చేతులును ఉండును. హ్యాండిలు బిగిసినదనగా యంత్రము ఏదో చెప్పుచున్నదన్నమాట. ఆ మాట వినక గొట్టము తగిలించి త్రిప్పుట శౌర్యము కాదు.

ఆర్క్ వెలువడినచో ఏమగునో 1982లో రాల్ఫ్ లీ అను అమెరికా ఇంజనీరు తన వ్యాసములో లెక్కగట్టి చూపెను. అంతవరకు విద్యుత్ప్రమాదమనగా తాకిన వానికి కొట్టు షాకు అనియే లోకము తలచుచుండెను. తాకకయే కాలిపోవచ్చునని ఆ లెక్కలు తెలిపినవి. సూర్యుని ఉపరితలపు వేడి సుమారు 5,500 డిగ్రీల సెంటీగ్రేడు. ఆర్క్ నడిబొడ్డున అది 20,000 డిగ్రీల వరకు పోగలదు. రాగి 1,085 డిగ్రీల వద్ద కరుగును. ఆర్క్‌లో కరుగుటతో ఆగక ఆవిరియై, తొలి పరిమాణమునకు సుమారు 67,000 రెట్లు వ్యాకోచించును. నీరు ఆవిరియగునపుడు వ్యాకోచించునది 1,700 రెట్లకు లోపే. రైలింజన్లను లాగిన బలమది. ఉక్కు తలుపు ఎగిరిపడుటకు వేరొక కారణము వెదకనక్కరలేదు. కావున హ్యాండిలు త్రిప్పువాడు తలుపునకు ఎదురుగా గాక ప్రక్కగా నిలువవలెను. తలుపు మూసియుండగనే త్రిప్పవలెను. నైలాను, టెర్లిను బట్టలు కరిగి చర్మమునకు అంటుకొనును గాన అవి పనికిరావు. ఆర్క్ వేడికి తాళునట్లు నేసిన దుస్తులు, ముఖకవచము, రబ్బరు చేదొడుగులు వలయును. ఉంగరము, చేతిగడియారము తీసి జేబులో వేసికొనవలెను. కాళ్ల క్రింద పరచు చాప సైతము లెక్క ప్రకారము ఉండవలెను: భారత ప్రమాణము 15652 ప్రకారము 11 కిలోవోల్టుల ప్యానెలు ముందు చాప మందము రెండున్నర మిల్లీమీటర్లు. నేడు దూరమున నిలిచి మోటారుతో ట్రాలీని లాగు సాధనములును వచ్చినవి. ఖరీదు చూచి వెనుదీయు యజమానులు ఆసుపత్రి ఖరీదును కూడ ప్రక్కన వ్రాసికొని చూచుట మంచిది.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న లాభమేమి అని సామెత. ఆకులను ముందే చేతికిచ్చు పద్ధతి ఒకటి మన విద్యుత్ కార్మికులలో చిరకాలముగా ఉన్నది. దానిని వారు ‘ఎల్.సి.’ అందురు, లైన్ క్లియర్ అను మాటకు పొట్టిరూపము. పల్లెలో స్తంభమెక్కు లైన్‌మన్ మొదలు రాయదుర్గపు 400 కిలోవోల్టుల ఉపకేంద్రములోని ఇంజనీరు వరకు ‘ఎల్.సి. తీసికొంటిరా?’ అన్నదే మొదటి ప్రశ్న. పనిచేయు వాడు అడుగవలెను. సబ్‌స్టేషన్‌లోని ఆపరేటరు దారిని ఆపి, తాళము వేసి, ‘మనుష్యులు పనిచేయుచున్నారు’ అను పలకను తగిలించి, అడిగిన వాని పేరును, గంటను రిజిస్టరులో వ్రాసి అనుమతి ఇయ్యవలెను. ఇచ్చిన ఎల్.సి.ని పుచ్చుకొన్నవాడే తిరిగి ఇచ్చువరకు ఎవరు చెప్పినను కరెంటు వేయరాదు. ఫోనులో ‘మూడవ నంబరు ప్యానెలు తెరచితిమి’ అని ఒకరు చెప్పినపుడు వినువాడు ‘సరేనండి’ అని ఊరుకొనరాదు. ‘మూడవ నంబరు ప్యానెలు తెరచితిరి’ అని తానును పలుకవలెను. ఒకే రంగు, ఒకే ఎత్తు గల పది పెట్టెల వరుసలో మూడవ దానిని ఆపి నాలుగవ దానిని విప్పిన వారెందరో. వెనుకవైపునకు పోయిన తరువాత కుడి ఎడమలు మారిపోవును గాన నంబరు ముందువైపుననే గాక వెనుక మూతల మీద కూడ వ్రాసియుండవలెను. చిన్నపిల్లల పాఠమువలె కనిపించు ఈ నియమములలో ఒక్కొక్కటియు ఎవరో ఒకరి ప్రాణము పోయిన తరువాత వ్రాసినదే అని తలచినచో వాటి బరువు తెలియును.

హైటెక్ సిటీలో ఈ పనికి వేరొక చిక్కు కలదు. పాతకాలపు మిల్లుకు కరెంటు వచ్చు దారి ఒక్కటే. దానిని ఆపినచో మిల్లు ఆగును. ఇచ్చటి భవనమునకు రెండు సబ్‌స్టేషన్ల నుండి రెండు దారులు, పెరటిలో డీజిలు జనరేటర్లు, లోపల యు.పి.ఎస్. బ్యాటరీలు, పైకప్పున సూర్యఫలకములు. ఎన్నడును ఆగకుండుటకై కల్పించిన ఏర్పాటులివి. వచ్చు దారిని ఆపగానే మరియొక దారి తనంతట తాను మేల్కొనును. క్రింది ట్రాన్స్‌ఫార్మరునకు వెనుకవైపు నుండి 415 వోల్టులు తగిలినచో పైవైపున 11,000 వోల్టులై లేచును. ఆపిన వానికి ఎదురుగా ఆపిన దారియే బ్రతికి వచ్చును. అందుచే ఇక్కడ ఒక బ్రేకరును తీయుటకు ముందు ఆ భవనపు తీగల పటమును బల్లమీద పరచి, కరెంటు ఎన్ని వైపుల నుండి రాగలదో ఒక్కొక్కటిగా వ్రేలుపెట్టి లెక్కింపవలెను. పటము పాతదై, తరువాత చేర్చిన జనరేటరు అందులో లేకపోయినచో లెక్క తప్పినట్లే.

కాలముతో కూడ పేచీయే. ఇచ్చటి రాత్రి అమెరికాకు పగలు; అర్ధరాత్రి సైతము పై అంతస్తులలో దీపములు వెలుగుచుండును. ఒక్క గంట ఆపుటకు వారముల ముందు అడుగవలెను. ‘గంటలో ముగింపుడు’ అన్న షరతుతో ఆ గంట దొరకును. తొందర ఆ విధముగా గదిలోనికి వచ్చును. వోల్టు కొలుచు సాధనమును ముందుగా కరెంటున్న చోట పెట్టి అది పనిచేయుచున్నదని చూచి, ఆపిన దారి మీద ఎరుపు, పసుపు, నీలము మూడు ఫేజులను చూచి, మరల కరెంటున్న చోట పెట్టి చూడవలెను. నడుమ సాధనమే చెడియుండవచ్చును గదా! ఆ తరువాత కేబులులో నిలిచిన విద్యుత్తును డిశ్చార్జి రాడ్‌తో నేలలోనికి దింపవలెను. ఆ రాడ్‌ను మొదట నేలవైపు, పిదప తీగవైపు తగిలించవలెను; తీయునపుడు దీనికి వ్యతిరేకము. ఇవన్నియు కలిసి పదిహేను నిముషములైన పట్టును. గంటలో పదిహేను నిముషములు వృథా అని పైనున్న వానికి తోచును. క్రింద నిలిచిన వానికి ఆ గంటలో విలువైన భాగము అదే.

నేలలోనికి దింపుట కూడ ఈ ప్రాంతమున తేలిక కాదు. దక్కను పీఠభూమి శిల విద్యుత్తును సులభముగా పుచ్చుకొనదు. గోదావరి ఒండ్రునేలలో ఒక గొట్టము దింపినచో జరుగు పనికి ఇక్కడ పలు గోతులు త్రవ్వి, బొగ్గును ఉప్పును పొరలుగా పేర్చి, వేసవిలో నీరు పోయుచు కాపాడవలసి యుండును. ఎర్తు గోతిలో నీరు పోయు తోటమాలికి తాను ఏ మేడను కాచుచున్నాడో ఎవరును చెప్పరు.

2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి శ్రీశైలము ఎడమగట్టు విద్యుత్ కేంద్రమున అగ్నిప్రమాదము జరిగినది. ఆరు యూనిట్లతో 900 మెగావాట్లు ఉత్పత్తి చేయు భూగర్భ కేంద్రమది. లోపల పొగ నిండినది, తొమ్మండుగురు మరణించిరి. వారిలో ఇంజనీర్లును ఉండిరి, బ్యాటరీల మార్పిడి పనికి వచ్చినవారును ఉండిరి. విచారణల సంగతి అటుంచి, బ్యాటరీకిని బ్రేకరునకును గల సంబంధమును ప్రతి విద్యార్థియు తెలిసికొనదగును. బ్రేకరు తెరచుకొనుటకు ఆజ్ఞ తెచ్చునది తాను ఆపవలసిన కరెంటు కాదు. లోపము వచ్చినపుడు ఆ కరెంటే కుప్పకూలవచ్చును. అందుచే ప్రక్కగదిలో బ్యాటరీల వరుస ఒకటి ఎల్లవేళల నిండియుండి, ఆ ఏకముఖ విద్యుత్తుతో ట్రిప్ కాయిల్‌ను కదిలించును. బ్యాటరీ లేనినాడు రిలే లోపమును కనిపెట్టినను కేక వేయలేదు. బ్రేకరు బలమంతయు స్ప్రింగులలో బిగిసియే యుండిపోవును. స్విచ్‌గేర్ గదిని చూడబోయినవారు మెరయు ప్యానెళ్లను చూచి మెచ్చుకొందురు. ఎరిగినవారు ముందుగా బ్యాటరీ గదికి పోయి వోల్టులు చూతురు.

ఇక బ్రేకరును పెట్టె నుండి బయటికి తీయుట. దారి ఆగినది, ఎల్.సి. చేతికి వచ్చినది, ట్రాలీ పరీక్షా స్థానమునకు చేరినది. పైన చెప్పిన స్ప్రింగులు ఇప్పటికిని బిగిసియున్నవి. కరెంటు పోయినంత మాత్రమున వాటి బలము పోదు. ఆ స్థితిలో లోపల చేయి పెట్టినవాని వ్రేళ్లు నిలువవు. కాబట్టి మొదట స్ప్రింగును చుట్టు మోటారు సరఫరాను తీసివేయవలెను. లేనిచో వదలిన స్ప్రింగును మోటారు వెంటనే మరల బిగించును. పిదప బ్రేకరును ఒక్కసారి మూయవలెను, ఒక్కసారి తెరవవలెను: మూయునపుడు మూతస్ప్రింగు, తెరచునపుడు తెరపుస్ప్రింగు వదలిపోవును. అప్పుడు సన్నతీగల ప్లగ్గును ఊడదీసి, ట్రాలీని పూర్తిగా వెనుకకు లాగి, రెక్కలు మూసికొన్నవో లేవో చూచి తాళము వేసి, ఇద్దరు మనుష్యులు పట్టుకొని బండిమీదికి దింపుదురు. బుడ్డిలో శూన్యము నిలిచియున్నదా యని హెచ్చు వోల్టులతో పరీక్షింతురు; మూసిన కొనల నడుమ నిరోధమును మైక్రో ఓములలో కొలుతురు; జారుడు భాగములకు గ్రీజు పూయుదురు.

పని ముగిసిన పిమ్మట పనిముట్లను లెక్కపెట్టవలెను. ఒక్క స్పానరు తక్కువైనను అది దొరకువరకు తలుపు మూయరాదు. నేలతో కలిపిన తీగలను తీసి, వచ్చినవారందరును బయట నిలిచిరని పేరుపేరున పిలిచి చూచి, ఎల్.సి. తీసికొన్నవాడు తానుగా సంతకము చేసి తిరిగి ఇచ్చును. ఆపరేటరు పలకను తీసి, గంటను రిజిస్టరులో వ్రాసి, ట్రాలీని లోపలికి నెట్టించి, గదిలోని వారందరును వెలుపలికి వచ్చిన తరువాత దూరపు మీటతో బ్రేకరును మూయును. లోపల ఒక్క ‘ఠక్కు’మను చప్పుడు, తరువాత స్ప్రింగును చుట్టు మోటారు పది పదిహేను సెకనులు గొణిగి ఆగిపోవును.